సవరణ చీటీ

చిత్తూరు కోర్టులో, బార్ లైబ్రరీలో
ముప్పై ఒక్క ఏండ్లుగా నా పని
పుస్తకాల దుమ్ము దులపడం,
ఫ్యాను వెయ్యడం, ఫ్యాను ఆపడం,
ఢిల్లీలో చట్టం మారినప్పుడల్లా
వచ్చిన చీటీ కత్తిరించి
పాత వాక్యం మీద అతికించడం.

పని నేర్పింది దస్తగిరి సాయిబు.
మొదటి రోజే చెప్పినాడు:
"బంక అంచుకే పుయ్యి నాయనా.
కాయితమంతా పూసేస్తివా,
కింద ఏముండిందో ఎవురికీ తెలీకుండా పోతాది."

మైదా పిండి, పురుగు పట్టకుండా
రవంత మైలుతుత్తం.
చీటీ మీద చీటీ ఎక్కి
రాజ్యాంగానికి అట్ట మూతపడదు.
రాత్రిళ్ళు దాని మీద
స్టాంపుల పెట్టె బరువు పెట్టి పోతాను.

నిన్న మధ్యాన్నం క్యాంటీన్ టీవీలో
సభ నడస్తా ఉండింది.
నడస్తా ఉండిందనేది మాట వరసకి.
ఒకాయన బల్లెక్కినాడు.
ఒకామె బిల్లు చింపి పైకి విసిరింది,
ముక్కలు అక్షింతల మాదిరి
అందరి తలల మీదా పడినాయి, పక్షం చూడకుండా.
ఇంకొకాయన మైకు ఊడబెరికి
తీగ చేతిలో వేలాడతా ఉంటే
ఇంక దేంట్లో అరవాలో తోచక నిలబడినాడు.
ఆయన మన పక్క మనిషే.
ఓట్లకొచ్చినప్పుడు గ్రీంస్‌పేటలో
మునెమ్మ అంగట్లో దోసె పోసినాడు.
మాడింది. ఫోటో బాగొచ్చింది.

ఆ గోలలోనే బోర్డు మీద అంకెలు వెలిగినాయి.
నా టీ ఆరకముందే సవరణ అయిపోయింది.
"ఆ మాటలు రికార్డులోంచి తీసేసినాం"
అన్నాడు కుర్చీలో పెద్దాయన.
ఏ మాటలో మాకు వినపళ్ళేదు.

బస్సెక్కితే అరగంటలో కాణిపాకం.
మా చిన్నాయన గంగులప్ప
గట్టు తగాదాలో ప్రమాణానికని పోయి,
తలకి నీళ్ళు పోసుకోని
తడి పంచెతో గడప దాకా నడిచి
వెనక్కి తిరిగినాడు.
రెండు తోతాపురి చెట్లు పోయినాయి.
"పోనీలేరా, నాలిక మిగిలింది" అన్నాడు.

టీవీలో వాళ్ళూ ప్రమాణం చేసినోళ్ళే,
ఈ అట్ట మూతపడని పుస్తకానికి
కట్టుబడి ఉంటామనే.
గడప దాకా వచ్చి ఆగినోడు
ఒక్కడన్నా కనిపిస్తాడేమోనని చూస్తా కూర్చున్నా.
కెమెరా అట్లాటోళ్ళ పక్క తిరగదు.

ఈ పొద్దు బెంచీకి ఆ కొసన లాయరు ఏకాంబరం,
ఈ కొసన లాయరు నళినాక్షి.
"ఎన్నాళ్ళకో దేశం బాగుపడింది" అంటాడాయన.
"పునాది కదిలింది" అంటాదామె.
"మీవోళ్ళున్నప్పుడు మార్చలేదా?"
"మార్చేది వేరు, తుడిచేది వేరు."
"బల్లెక్కింది ఎవురు?"
"ఎక్కేట్టు చేసింది ఎవురు?"
ఒక గ్లాసు పగిలింది.
మా సభ చిన్నది, మార్షల్‌ని నేనే.
చీపురు తెచ్చినాను.

గాజుపెంకులు ఎత్తతా అడిగినాను,
"ఇంతకీ సార్, పాతదాంట్లో ఏముండింది?"

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి
ఒకేసారి మూసుకున్నారు.

పుస్తకం దించి, గోరుతో అంచు పట్టి
మెల్లగా లేపినాను.
ఒక చీటీ. దాని కింద ఇంకొకటి.
దాని కింద, పసుపు తిరిగిన కాయితం మీద
మొదటి అచ్చు.
ఇద్దరూ తలలు తగిలేంత దగ్గరకి వంగి చదివినారు.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
ఆమె మళ్ళీ మొదట్నుంచి చదివింది.
ఎవురు గెలిచినారో నాకు తెలీదు.
కేసు పిలిచినారని ఇద్దరూ పరిగెత్తినారు.

సంతకాలయ్యి, గెజిట్లో పడి
చీటీ ఇక్కడికి రావడానికి ఇంకా టైముంది.
కొత్తగా చేరిన పిల్లోడు లోకేశు
ఈలోపే ఒక గమ్ము ట్యూబు కొనకొచ్చినాడు.
"అన్నా, దీంతో ఒకసారి అతికిస్తే
చచ్చినా ఊడదు."

అందుకే వద్దన్నాను.